దగ్గరగా వేసిన తలుపు

శుద్ధ విదియ

రూటర్ నెమ్మదించింది. సహాయకేంద్రం అమ్మాయికి చెబితే, "ఏం చేశారో, ఏం జరిగిందో రోజూ రాసి పెట్టండమ్మా, అన్నీ కలిపి చూస్తాం" అంది. రాయమన్నాక రాయడమే. ఈ మంచె మీద నేను చెప్పేది వినేవాళ్ళు ఎటూ లేరు, చదివేవాళ్ళు ఒకరుంటే మంచిదే. చదవలేక విసుగొస్తే అది వాళ్ళ ఖర్మ.

పేరు నాంచారమ్మ. పని మడ కాపలా. సముద్రం లోపలికొచ్చి పొలాలు మింగాక, ఆ పొలాల మీదే మడ మొక్కలు నాటి, మధ్యమధ్య మంచెలు కట్టి, మంచెకొక మనిషిని కూర్చోబెట్టారు. నాది చివరి మంచె. దీని అవతల నీళ్ళే. పోటు రాకముందు లాకు దించాలి, ఆటు మొదలవగానే ఎత్తాలి. ఆలస్యమైతే లేత మొక్కలు మునిగి చస్తాయి. దించిన లాకు ఫొటో, ఎత్తిన లాకు ఫొటో కేంద్రానికి పంపాలి. ఫొటో చేరితే నాంచారమ్మ ఉన్నట్టు, చేరకపోతే మంచె ఖాళీ అయినట్టు. అక్కడ కూర్చున్నవాళ్ళకి నా సంగతి తెలిసేది ఆ మేరకే.

ఈ పొద్దున ఫొటో సగం దాకా పోయి ఆగింది. తెర మీద చక్రం గానుగెద్దులా తిరుగుతూనే ఉంది. ఈలోగా అంబలి కాచుకుని తాగాను, గిన్నె కడిగాను, బట్టలు జాడించి తాడు మీద వేశాను. అప్పటికీ తిరుగుతోంది. రూటర్ ఆపి మళ్ళీ పెట్టాను. సహాయకేంద్రంలో ఏ రోగానికైనా మొదటి మందు అదే. కాసేపు బాగానే నడిచి ఫొటో వెళ్ళింది. మధ్యాహ్నానికి మళ్ళీ మొదటికొచ్చింది.

శుద్ధ చవితి

ఉప్పు పట్టి ఉంటుందని అనుమానం వచ్చి, నిచ్చెన వేసుకుని కప్పెక్కాను. యాంటెన్నా మీద ఉప్పు పెచ్చులు కట్టి ఉంది. మంచినీళ్ళతో తడిపి, పాత చీర పేలికతో తుడిచాను. తాగే నీళ్ళు రూటర్‌కి తాగించినందుకు నా మీద నాకే కోపం వచ్చింది. వైరు దారంతా చెయ్యి పెట్టి తడిమి చూశాను. పోయినేడు ఒక పీత కొరికింది కనక ఈసారీ దాని మీదే నెపం వేద్దామనుకున్నాను. పాపం, వైరు బాగానే ఉంది.

దిగబోతుండగా యాంటెన్నా కొన మీద రెక్కలు ఆరబెట్టుకుంటున్న నీటికాకి ఉన్నట్టుండి లేచి, నా నడినెత్తిన కాళ్ళతో తన్ని పోయింది. నిచ్చెన మీంచి పడలేదు, అదే పదివేలు.

కాకి తల మీద తన్నితే అరిష్టం. మా వాళ్ళు దానికి విరుగుడు కూడా పెట్టారు. తన్నించుకున్న మనిషి చచ్చిపోయిందని అయినవాళ్ళకి కబురు పంపాలి. వాళ్ళు నిజమనుకుని ఏడవాలి. ఆ ఏడుపుతో దోషం పోతుంది, తర్వాత అబద్ధమని చెప్పి తిట్లు తింటే సరి. నీటికాకికి ఈ లెక్క వర్తిస్తుందో లేదో తెలియదు. వర్తించినా కబురు ఎవరికి పంపను? నా కోసం ఏడ్చేవాళ్ళు ఎవరని మంచె చుట్టూ తిరుగుతూ ఆలోచించాను. సహాయకేంద్రం అమ్మాయి గుర్తొచ్చింది. ఆమె పేరు కూడా అప్పటిదాకా నాకు తెలియదు. చాలా బెంగగా అనిపించింది.

తుడిచినా వేగం పెరగలేదు.

శుద్ధ షష్ఠి

ఆ అమ్మాయి పేరు మేఘమాల. కొండ మీద ఊళ్ళో ఉంటుందట. మాట తెగి తెగి వినపడింది.

"ఛానల్ మార్చి చూశారా అమ్మా?"

"మార్చాను."

"అప్‌డేట్?"

"అదీ అయింది. అప్‌డేట్ అయ్యాక ఇంకా నీరసపడింది."

"మీ డబ్బాకి దగ్గరగా వేసిన లైన్లు ఎన్నున్నాయి?"

నాలుగని చెప్పాను. ఆమె మెల్లగా, "అవసరం లేనివాటికి గడియ పెట్టెయ్యండమ్మా. చాలా ఇళ్ళలో అవే బరువు" అంది.

"అవసరం లేని మనుషులంటావా?"

"లైన్ల మాట అంటున్నానమ్మా."

"లైను అవతల ఉండేది మనిషే కదా అమ్మాయ్. వాటిలో ఏది బరువో నువ్వే చూసి చెప్పు."

"తెరిచి ఉన్న లైనులోకి మేం తొంగిచూడకూడదు. గడియ పడ్డాకే ఎంత మోసిందో మాకు తెలుస్తుంది."

కొండ మీద పుట్టిన పిల్ల, ఆమెకి మా పద్ధతి చెప్పినా బుర్రకెక్కదు. ఇక్కడ రాసి పెడతాను. సముద్రం వచ్చిన రోజుల్లో జనం తలో దిక్కుకీ పోయారు. ఫోన్లో మాట్లాడుతుండగానే చాలామంది మాట తెగిపోయింది, తెగినవాళ్ళు మళ్ళీ పలకలేదు. అప్పట్నుంచి మా వైపు ఎవరూ లైను తెంపరు. ఇంట్లోంచి వెళ్ళేటప్పుడు 'పోతాను' అంటామా? అనం. 'వెళ్ళొస్తా' అంటాం. లైనూ అంతే. వెళ్ళొస్తా అని, తలుపు దగ్గరగా వేసినట్టు వేసి పోతాం. రెండు రెక్కల తలుపనుకోండి, ఇటు రెక్క మనది, అటు రెక్క వాళ్ళది. రెండూ తీస్తే మాట వినపడుతుంది, మనిషి కనపడుతుంది. లేకపోతే డబ్బా నుదుటి మీద లైనుకొక చిన్న దీపం. ఇటు మనిషో అటు మనిషో పోయారని రూఢిగా తెలిస్తేనే ఆ లైనుకి గడియ పెడతారు. గడియ పడితే అటు పక్క కూడా దీపం ఆరిపోతుంది. ఆరిన దీపం చూస్తే చావు కబురు అందినట్టే. తలంటు పోసుకుంటారు.

ఇంకొక నియమం ఉంది. వెళ్ళొస్తా అన్నవాళ్ళే ముందు వచ్చి రెక్క తియ్యాలి. మిగిలినవాళ్ళు కనిపెట్టుకుని ఉండాలి. అలా కాక తలుపు తట్టి కొత్తగా పిలిస్తే, అయినవాళ్ళని పరాయివాళ్ళని చేసినట్టు.

నా నాలుగు దీపాల్లో మూడు గుడ్డివి. నాలుగోది భ్రమరానిది.

భ్రమరం నా తోడికోడలు, చిన్నది. అన్నదమ్ములిద్దరూ ఒకే పడవలో వెళ్ళి ఒకే తుపానులో పోయారు. తర్వాత ఇద్దరం పక్కపక్క మంచెల్లో కాపలా ఉన్నాం. దాని మంచె మీద పొయ్యి వెలిగితే పొగ నాకు కనపడేది. కూర నాకు నచ్చకపోతే దాని దగ్గరికి పడవేసుకుని పోయేదాన్ని. ఉప్పుగాలికి దాని ఊపిరితిత్తులు పాడైతే డాక్టర్లు కొండ మీదికి పంపించేశారు. ఆ మంచె విప్పేశారు. కొన్నాళ్ళు రోజూ మాట్లాడుకున్నాం. ఒక రోజు మాటల మధ్యలో, "పొయ్యి మీద పాలున్నాయక్కా, వెళ్ళొస్తా" అంది. ఆ పాలు ఇప్పటికీ కాగుతున్నట్టున్నాయి. ఏడాది దాటింది.

పిలవాలని లేదా అంటే ఉంది. ముందు నేనే ఎందుకు పిలవాలి? వెళ్ళొస్తా అన్నది అది.

శుద్ధ అష్టమి

జిలానీ సరుకుల పడవ వచ్చింది. బియ్యం, కిరసనాయిలు, ఉల్లిపాయలతోబాటు కొత్త రూటర్ తెచ్చాడు. పాత డబ్బాలోని లైన్లన్నీ కొత్తదాంట్లోకి మార్చి, తెల్లటి డబ్బాని గోడకి బిగించాడు. నాలుగు దీపాలూ వెలిగాయి. భ్రమరం దీపం మాత్రం పాత డబ్బాలోలాగే టపటపా కొట్టుకోవడం మొదలుపెట్టింది. వానాకాలం నుంచీ దానికిదే తెగులు. కళ్ళకి చికాకుగా ఉంటే పాత డబ్బాకి అప్పుడే ప్లాస్టర్ ముక్క అంటించేశాను.

"రోగం కొత్తదానికీ అంటుకుందిరా జిలానీ" అన్నాను.

"దీపాలు కొట్టుకుంటానికీ వేగానికీ సంబంధం లేదంటున్నారక్కా ఆఫీసోళ్ళు. నాకేం తెలుసు, నేను పడవ తోలేవాణ్ణి." వాడు సంచీలోంచి టీ పొడి పొట్లం తీసి నా చేతిలో పెట్టాడు. చెప్పాల్సింది ఇంకా ఉందని వాడి మొహంలోనే తెలిసింది.

"చెప్పు."

"పున్నమి పోటుకి తనిఖీ అంట. ఆ రోజు ఫొటోలు అందకపోతే ఈ మంచెని ఖాళీ కింద రాసేస్తారంట. నన్నొచ్చి నిన్ను గట్టుకి తీసుకురమ్మన్నారు."

"గట్టు మీద నేనేం చెయ్యను?"

"గదిస్తారు. ఫ్యాను, కుళాయి ఉంటాయి. పక్క గదుల్లో మనుషులుంటారు కదక్కా."

మనుషులుంటారు, నిజమే. పోయినసారి దవాఖానాకని వెళ్ళినప్పుడు ఆ గదుల్లో రెండు రోజులున్నాను. పక్క గది ఆవిడ నన్ను ఏ మంచె అనైనా అడగలేదు. ఇక్కడైతే ప్రతి మొక్కా నేను పాతింది. ఇటు పక్కన, భ్రమరం మంచె ఉన్న చోట అది పాతినవి నా నెత్తి మీదికి పెరిగాయి. రోజూ పడవలో వెళ్ళి వాటినీ చూసుకుని వస్తాను. నేను పోతే వాటిని ఎవరు చూస్తారు? లాకు దించేవాళ్ళు లేకపోతే ఒక పెద్ద పోటు చాలు.

జిలానీకి ఆ మాటే చెప్పాను. వాడు తల వంచుకుని తాడు విప్పుకున్నాడు.

శుద్ధ దశమి

కొత్త రూటరూ నెమ్మదించింది. అంటే తప్పు డబ్బాది కాదు.

దాన్ని కిటికీ దగ్గరికి మార్చాను. గోడ మీంచి దించి బల్ల మీద పెట్టాను. వేడెక్కుతోందేమోనని తడిగుడ్డ మీద పెట్టాను. మంచె మీద దానికి నచ్చే చోటు ఉన్నట్టు లేదు. అలిగిన అల్లుణ్ణి కూడా ఇన్నిసార్లు చోటు మార్చి కూర్చోబెట్టరు.

మధ్యాహ్నం డబ్బాలోంచి మోగాల్సిన పోటు హెచ్చరిక గంట వేళకి మోగలేదు. నేను వల బాగుచేసుకుంటూ కూర్చున్నాను. నీళ్ళు మంచె గుంజకి తగిలిన చప్పుడుకి లేచి చూస్తే లాకు దాటి లోపలికి వచ్చేస్తున్నాయి. పరుగెత్తి దించాను. గంట ఆ తర్వాత మోగింది, తీరిగ్గా. తూర్పు పక్క లేత వరుస బురదలోకి పోయింది. ఆటు వచ్చాక దిగి, మోకాలి లోతు బురదలో ఒక్కొక్క మొక్కనీ లేపి నిలబెట్టాను. కొన్ని నిలబడ్డాయి. ఇది దశమి పోటు, చిన్నది. పున్నమిది ఇలా వస్తే ఒక్క వరుస కూడా మిగలదు.

మేఘమాలకి చెప్పాను. "లైన్లే అయ్యుంటాయమ్మా" అంది మళ్ళీ. ఈసారి నేను పోట్లాడలేదు.

శుద్ధ ద్వాదశి

మూడు లైన్లకి గడియ పెట్టాను.

ఒకటి మా పెదనాన్న కూతురిది. ఒకటి నాకు లాకు పని నేర్పిన వీరరాఘవులు మేస్త్రిది. ఇంకొకటి మా ఆయన చిన్ననాటి స్నేహితుడిది. ముగ్గురూ లేరని ఎప్పుడో తెలుసు. తెలిసినా గడియ పెట్టబుద్ధి కాక అలా వదిలేశాను. పద్ధతి ప్రకారం పేరు చెప్పి, గుమ్మం ముందు చెంబెడు నీళ్ళు పోశాను. మూడుసార్లు పోశాక చెంబు బోర్లించాను.

తర్వాత ఆశగా ఫొటో పంపి చూశాను. వేగం ఏమీ పెరగలేదు. పోయినవాళ్ళు ఎవరికీ బరువు కారు, ఆ సంగతి నాకు ముందే తట్టాల్సింది.

ఇక మిగిలింది ఒక్క దీపం. కొత్త డబ్బాకి ప్లాస్టర్ లేదు కనక టపటపా కొట్టుకుంటూ కనపడుతూనే ఉంది. దాని ముందు స్టూలు వేసుకుని చాలాసేపు కూర్చున్నాను. నా రెక్క తీసి, "ఏమే, బతికే ఉన్నావా" అంటే అయిపోతుంది. చెయ్యి బొత్తాం దాకా వెళ్ళింది. ఏడాదిగా రానిది, నేను పిలిస్తే ఏమంటుంది? 'వస్తూనే ఉన్నానక్కా, ఇంతలోకే తొందరా' అని నవ్వితే? అసలు ఎవరో గుర్తులేనట్టు మాట్లాడితే? కొండ మీద కొత్త మనుషులు దొరికుంటారు. ఉప్పుగాలిలో ముక్కుతూ మూలిగే తోడికోడలితో దానికేం పని? చెయ్యి వెనక్కి తీసుకున్నాను. రోషం నాకొక్కదానికే ఉందని కాదు, భయం కూడా ఉంది.

శుద్ధ త్రయోదశి

పొద్దున ఫొటో అసలు కదల్లేదు.

భ్రమరం లైనుకి గడియ పెట్టాను.

ఏడాదిగా తొంగిచూడనిది, దీపం ఆరితే మాత్రం చూస్తుందా అనుకున్నాను. ఆ మాట పైకే అనుకున్నాను. దాని పేరు చెప్పలేదు, నీళ్ళు పొయ్యలేదు. బతికున్న మనిషికి నీళ్ళెలా పోస్తాను? దీపం ఇంకొక్కసారి కొట్టుకుని ఆరిపోయింది.

ఆరగానే ఫొటో రెక్కలొచ్చినట్టు వెళ్ళిపోయింది. తెర మీద చక్రం తిరగడానికి కూడా వ్యవధి లేకపోయింది.

పౌర్ణమి

పోటు హెచ్చరిక ముందుగానే వచ్చింది. లాకు దించాను. నీళ్ళు అవతల ఎంత ఎత్తుకి లేచాయో చూస్తే భయం వేసింది, ఇటు చుక్క రాలేదు. ఫొటోలు అందాయి. మంచె నాకే ఉంచుతున్నట్టు కేంద్రం నుంచి కబురు వచ్చింది. సంతోషించాల్సిన రోజు. డబ్బా నుదురు నల్లగా ఉంది. నేను దానివైపు చూడకుండా పనులు చేసుకున్నాను.

సాయంత్రం మేఘమాల తనే ఫోన్ చేసింది. గొంతు ఇంత స్పష్టంగా ఎప్పుడూ వినలేదు.

"బాగయింది కదమ్మా?"

"బాగయింది."

"ఆఖరున మూసిన లైనే అమ్మా, మొత్తం బరువు దానిదే. మూసేశాక లెక్క వచ్చింది. వానాకాలం నుంచీ అటు రెక్క బార్లా తెరిచి ఉంది. ముందు మాట ఒకటే వచ్చేది. తర్వాత బొమ్మ కూడా. ఈ మధ్య పెద్ద బొమ్మ, పగలంతా. మీ రెక్క వేసుంది కదా, అదంతా వచ్చి మీ గడప దగ్గర ఆగిపోయేది."

"దీపం కొట్టుకుంటే తెగులనుకున్నాను."

"కాదమ్మా. అటు నుంచి మనిషి కనపడుతుంటే అలా కొట్టుకుంటుంది."

"అమ్మా, ఉన్నారా?" అని రెండుసార్లు అడిగింది. ఉన్నానని చెప్పాను.

వానాకాలం నుంచీ అది నాకు కనపడాలని తలుపు తీసుకుని కూర్చుంటే, నేను దాని మొహాన ప్లాస్టర్ అంటించాను. ఏడుపు వచ్చింది. ఏడ్చాను. ఎవరూ చూడని చోట ఏడవడానికి సిగ్గేముంది.

బహుళ తదియ

నియమం గంగలో కలవనీ. తలుపు తట్టాను. కొత్తగా పిలిచాను. పొద్దున, మధ్యాహ్నం, దీపాల వేళ. అటు మోగుతోంది, ఎవరూ తియ్యడం లేదు. నిన్నా ఇంతే, మొన్నా ఇంతే.

దానికి కోపం వచ్చి ఉంటుంది, వచ్చినా తప్పులేదు. లేకపోతే ఆ ఊపిరితిత్తులతో దీపం ఆరడం చూసి దానికేమన్నా అయ్యిందేమో. ఈ రెండో ఆలోచన వచ్చినప్పట్నుంచీ అన్నం దిగడం లేదు. మేఘమాలని ఎవరినైనా పంపి చూడమన్నాను. ఆ కొండ వేరట, దూరమట, ప్రయత్నిస్తానంది.

రూటర్ బ్రహ్మాండంగా పనిచేస్తోంది. రాసుకోండి.

బహుళ సప్తమి

ఈ రోజు జిలానీ వచ్చే రోజు కాదు. నేను లాకు ఎత్తి, తూర్పు వరుసలో దిగి బురద సర్దుతుంటే ఇంజను చప్పుడు వినపడింది. తలెత్తి చూస్తే పడవ ముందు భాగంలో ఎవరో ముసుగు కప్పుకుని కూర్చుని ఉన్నారు. ఒళ్ళో గిన్నె, గిన్నె మీద విస్తరాకు. జిలానీ నన్ను చూసి ఇంజను ఆపేశాడు. నోరు తెరిచి అలాగే నిలబడ్డాడు.

ముసుగు తీసిన మనిషి భ్రమరం.

చిక్కిపోయింది. తలంటుకుని జుట్టు ముడి వేసుకుంది. నన్ను నడుం దాకా బురదతో చూసి అరవలేదు, కళ్ళు తిరిగి పడలేదు. గిన్నెని పడవలో జాగ్రత్తగా పక్కన పెట్టింది. లేచి నిలబడి, దగ్గు ఆగేదాకా ఆగింది.

"పదో రోజక్కా ఇయ్యాల" అంది. "రేవులో పొయ్యి పెట్టి నీకు ఒండుకొచ్చా."

"ఎవరు చచ్చారే?"

"దీపం ఆరిపోయింది. నీకు ఎవరున్నారు చెయ్యటానికి? పిండం ఎవరు పెడతారని బయల్దేరా. బస్సులు, లాంచీలు మారి మారి వచ్చా. దారి పొడుగునా ఏడ్చా, నీ దుంప తెగ."

జిలానీ అప్పుడు నోరు విప్పాడు. "రేవులో దిగి, పడవ కట్టమంటే కట్టా అక్కా. నువ్వు పోయావని చెప్పి ఏడుస్తుంటే నిజమేననుకున్నా. నేనూ ఏడ్చా."

"నీటికాకి తన్నింది" అన్నాను.

అప్పుడు భ్రమరం మొహం కదిలింది. "అయితే దోషం పోయిందిలే. ఇంత ఏడుపు ఏ కాకి దోషానికీ అక్కర్లేదు" అంది. పడవ దిగబోతూ తూలితే బురద చేతులతోనే పట్టుకున్నాను. దాని చీరంతా పాడైంది. ఇద్దరం వదలలేదు.

మంచె మీదికి ఎక్కాక అది మొదట చూసింది డబ్బాని. "నీకు నేను కనపడలేదా అక్కా? నా డబ్బాని పొయ్యి దగ్గర పెట్టా, అరుగు మీద పెట్టా. నువ్వు చూస్తావని బియ్యం కూడా దాని ముందే ఏరుకున్నా."

"రెక్క తియ్యలేదు. వెళ్ళొస్తా అన్నది నువ్వు కదా, నువ్వొస్తావని కూర్చున్నా."

"నేనా? పోటు గంట మోగిందని, లాకు చూసి వెళ్ళొస్తా ఉండవే అని లేచింది నువ్వు."

"పొయ్యి మీద పాలన్నది ఎవరు?"

"నువ్వు లేచాక అన్నా."

"లేచాకైనా అన్నావా లేదా?"

జిలానీ మధ్యలో కూర్చుని ఇటూ అటూ చూశాడు. ఈ తగువు తేలదని వాడికి అర్థమై, విస్తరాకు తీసి గిన్నె నా ముందుకి జరిపాడు. వంకాయ ఎండురొయ్యల కూర, అన్నం. నాకు ఇష్టమని కాకులకి పెట్టడానికి ఒండింది. నీటికాకులు గుంజల మీద వరసగా కూర్చుని చూస్తున్నాయి. వాటికొక ముద్ద వేసి, మిగిలింది నేనే తిన్నాను. నా చావు కూడు నేను తింటుంటే ఎదురుగా కూర్చుని అది చూసింది.

"ఉప్పు తగ్గింది" అన్నాను.

"దారిలో కళ్ళు తుడుచుకుంటానికే సరిపోయింది, రుచి చూసింది ఎవరు?" అంది భ్రమరం. "మళ్ళీ చచ్చినప్పుడు సరిగ్గా వేస్తాలే."

శుద్ధ విదియ

భ్రమరం వెళ్ళింది. ఉంటానంది, నేనే పంపాను. ఉప్పుగాలికి రాత్రిళ్ళు దగ్గు ఆగడం లేదు. ఉన్నన్నాళ్ళూ దాని మొక్కల దగ్గరికి పడవలో తీసుకెళ్ళాను. ప్రతిదాన్నీ ముట్టుకుని చూసింది. ఇవాళ పడవెక్కేటప్పుడు జిలానీని సాక్షిగా నిలబెట్టి అడిగాను, వెళ్ళొస్తా అంటున్నది ఎవరని.

"నేనేనక్కా. వెళ్ళొస్తా."

"విన్నావా జిలానీ?"

"విన్నానక్కా."

పడవ మలుపు తిరిగి కనపడకుండా పోయాక చాలాసేపు అక్కడే నిలబడ్డాను. మంచె ఇంత ఖాళీగా ఎప్పుడూ లేదు. అది మడిచిపెట్టిన దుప్పటి అలాగే ఉంచాను.

శుద్ధ నవమి

మధ్యాహ్నం డబ్బా నుదుటి మీద కొత్త దీపం వెలిగింది. వెలగడంతోనే టపటపా కొట్టుకుంది. రెక్క తీశాను. వంటిల్లు, పొయ్యి, పొయ్యి మీద పాలు. భ్రమరం అటు తిరిగి గిన్నెలు తోముతోంది. నేను చూస్తున్నానని దానికి తెలుసు, అయినా తిరగలేదు. నేనూ పిలవలేదు. స్టూలు దగ్గరికి లాక్కుని వల ముందేసుకున్నాను.

లాకు ఎత్తే దించే వేళలు భ్రమరానికి నాకన్నా బాగా తెలుసు. ఆ కాసేపు తన రెక్క దగ్గరగా వేస్తుంది, ఫొటోలు వెళ్ళిపోతాయి. తర్వాత మళ్ళీ తీస్తుంది. మిగతా వేళంతా రూటర్ నత్తలా నడుస్తోంది.

ఫిర్యాదు లేదు.